త్సుయి యోంగ్‌యువాన్ మీద సెమినార్: ఈ హెడ్డింగ్ పెట్టొచ్చా?

కపిలతీర్థం: తిరుపతిలో జర్నలిజం సెమినార్ కోసం అడుగుతున్నా. చైనా టీవీ యాంకర్ త్సుయి యోంగ్‌యువాన్ గురించి "నటి ఫాన్ బింగ్‌బింగ్‌ను జైలుకు పంపిన యాంకర్" అని హెడ్డింగ్ పెట్టొచ్చా? యిన్-యాంగ్ కాంట్రాక్టు అంటే ఏంది?

చంద్రగిరికోట: ఆ హెడ్డింగ్ వద్దమ్మా, తప్పు. ఆమెకు జైలు పడలేదు. చైనా క్రిమినల్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం పన్ను ఎగవేతలో మొదటిసారి దొరికినోళ్లు నోటీసు వచ్చాక బకాయి, జరిమానా కట్టేస్తే క్రిమినల్ కేసు పెట్టరు. 2018 అక్టోబరులో ఆమెను కట్టమన్నది మొత్తం 88 కోట్ల యువాన్లకు పైనే.

యిన్-యాంగ్ అంటే ఒకే పనికి రెండు కాంట్రాక్టులు, పన్నుకు చూపేది చిన్నది, దాచేది పెద్దది. మనకు కొత్తేం కాదు. ప్లాటు రిజిస్ట్రేషన్లో ప్రభుత్వ విలువ రాసి మిగతాది నగదుగా చేతులు మారుతుంది చూడు, అదే పద్ధతి. కాకపోతే అక్కడ రెండో లెక్కకూ కాగితం ఉంటుంది, దొరికిపోయేది అందుకే. ఒక సినిమాకు ఆమె తీసుకున్నది 3 కోట్ల యువాన్లు, పన్ను కట్టింది 1 కోటికే. మిగతా 2 కోట్లను వేరే కాంట్రాక్టులుగా విడగొట్టారు. దాంతో ఆదాయపు పన్నులోనే 61.8 లక్షల యువాన్లు ఎగ్గొట్టినట్టు తేలింది.

పీలేరురోడ్డు: పై జవాబుకు ఒకటి కలపాలి. 2018 మేలో త్సుయి వైబోలో (చైనా సోషల్ మీడియా) పెట్టిన కాగితాల్లో 4 రోజుల పనికి ఒకటి 1 కోటికి, ఇంకోటి 5 కోట్లకు ఉన్నాయి. అవి ఆమెవి కావని తర్వాత ఆయనే అన్నారు. పన్ను అధికారులు పట్టుకున్నది వేరే సినిమా లెక్క. తీగ ఆయన లాగారు, కదిలిన డొంక వేరే.

ఆయన కాగితాలు బయటపెట్టడం వెనకున్న కోపం 2003 నాటిది. ఫెంగ్ షియావోగాంగ్ తీసిన "సెల్‌ఫోన్" సినిమాలో పరాయి సంబంధాలున్న యాంకర్ పాత్ర తనను చూసే రాశారని ఆయన ఫిర్యాదు. 2018లో రెండో భాగం మొదలుపెట్టారు, అందులోనూ ఫాన్ బింగ్‌బింగే. ఈ పాత గొడవ చెప్పకుండా కాంట్రాక్టుల సంగతి ఎత్తితే సగం కథే అవుతుంది.

కపిలతీర్థం: ఆయన మిగతా ఆరోపణలు కూడా నిలబడ్డాయా అన్నా?

చంద్రగిరికోట: అన్నీ కాదు. జన్యుమార్పిడి పంటల మీద సైన్స్ రచయిత ఫాంగ్ ఝౌజీతో 2013లో మొదలైన తగాదా పరువునష్టం దావాలకెక్కింది. 2015లో బీజింగ్ కోర్టు ఇద్దరిదీ తప్పేనని, ఒకరికొకరు పరిహారం కట్టాలని చెప్పింది. పంటలు మంచివా చెడ్డవా అన్నది ఆ తీర్పు తేల్చలేదు, అక్కడ జాగ్రత్త. 2018 డిసెంబరులో చైనా సుప్రీంకోర్టులో బొగ్గు గని కేసు ఫైలు మాయమైందన్నారు. ఫైలు పోయిన మాట నిజమే. ఆ కేసు చూసిన జడ్జే తీసుకెళ్లాడని 2019 ఫిబ్రవరిలో ప్రభుత్వ దర్యాప్తు ప్రకటించింది. "ప్రభుత్వ దర్యాప్తు ప్రకారం" అన్న మాట స్లైడులో తప్పకుండా రాయి.

పీలేరురోడ్డు: 1996లో సీసీటీవీలో (చైనా ప్రభుత్వ టీవీ) మొదలైన ఆయన టాక్ షోకు కూడా ఒక స్లైడు ఉంచండి. మామూలు జనాన్ని స్టూడియోలో కూర్చోబెట్టి మాట్లాడించాడు. 2018లో ఆయన మాటకు అంత బలం అక్కడి నుంచే వచ్చింది.