రిపేర్ అయ్యాక కోడ్ క్లియర్ చేయించాలా, వద్దా? (కాలిఫోర్నియా స్మాగ్ చెక్)

సన్నీవేల్ శ్రీను

అందరికీ నమస్కారం. మా 2012 మోడల్ పెట్రోల్ కారుకి ఈసారి రిజిస్ట్రేషన్‌తో పాటు స్మాగ్ (పొగ పరీక్ష) కూడా చేయించాలని నోటీసు వచ్చింది. గడువు వచ్చే నెలాఖరు. సరిగ్గా ఇప్పుడే చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. కారు కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబరు, అదే కోడ్, పి0420. అంటే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని. గ్యారేజీలో కొత్త కన్వర్టర్ వేయించాను, ఇక్కడి ఎయిర్ బోర్డు ఆమోదించిన నంబరు ఉన్నదే. పర్సుకి పెద్ద చిల్లే పడింది, ఆ సంగతి వదిలేయండి.

రేపు కారు తెచ్చుకోవాలి. మెకానిక్ ఏమో "కోడ్ క్లియర్ చేసి ఇస్తా, ఓ వంద మైళ్ళు తిప్పి స్మాగ్‌కి వెళ్ళు" అంటున్నాడు. మా ఆఫీసులో ఒకాయన "క్లియర్ మాత్రం చేయించకు, లైటు దానంతటదే ఆరనీ" అని గట్టిగా చెప్తున్నాడు. ఇద్దరూ తెలిసినట్టే మాట్లాడుతున్నారు. ఎవరి మాట వినమంటారు?

మిల్పిటాస్ మావయ్య

మీ ఆఫీసాయన మాటే నాదీ. క్లియర్ చేయించకండి శ్రీనుగారూ.

స్కానర్‌లో ఆ క్లియర్ బటన్ నొక్కితే పోయేది పి0420 ఒక్కటే కాదు. కారు కంప్యూటర్ రోజూ తనను తాను పరీక్షించుకుంటూ రాసిపెట్టుకున్నదంతా పోతుంది. ఆక్సిజన్ సెన్సర్లు, వాటి హీటర్లు, క్యాటలిస్టు (అంటే మీ కన్వర్టరే), ఇవాప్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా చూసేది), అన్నీ ఒకేసారి 'నాట్ రెడీ' అయి కూర్చుంటాయి. ఒక్క లెక్క తప్పిందని పలకంతా తుడిచేసినట్టు. మన రాష్ట్రంలో 2000, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకి ఇవాప్ ఒక్కటి పూర్తికాకపోయినా ఒప్పుకుంటారు. ఇంకేది మిగిలినా పాస్ కాదు. లైటు ఆరి ఉందా లేదా అని మాత్రమే కాదు చూసేది, పరీక్షలు పూర్తయ్యాయా లేదా అనేది కూడా.

క్లియర్ చేయకపోతే? కన్వర్టర్ నిజంగా బాగుపడి ఉంటే, క్యాటలిస్టు పరీక్ష వరసగా మూడు ట్రిప్పుల్లో (ట్రిప్పంటే ఆ పరీక్ష నడిచేలా ఒకసారి బండి తీసి ఆపడం) పాసవుతుంది, లైటు దానంతటదే ఆరుతుంది. మిగతా మానిటర్లు, అంటే ఈ పరీక్షలు, ఉన్నచోటే ఉంటాయి. కోడ్ మాత్రం పాత రికార్డుగా ఇంకో 40 వార్మప్‌ల (ఇంజిన్ ఒకసారి బాగా వేడెక్కితే ఒకటి) దాకా మెమరీలో ఉంటుంది, లైటు ఆరాక దాంతో మనకి పేచీ లేదు.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. 2010 నుంచి వచ్చిన కార్లలో పర్మనెంట్ కోడ్ అని ఒకటుంది. 2019 జులై నుంచి ఇక్కడి స్మాగ్‌లో దాన్నీ చూస్తున్నారు. స్కానర్‌తో పోదు, బ్యాటరీ వైరు పీకినా పోదు. కంప్యూటర్ తనకి నమ్మకం కుదిరాక తీసేయాల్సిందే. లైటు దానంతటదే ఆరిందంటే ఆ పర్మనెంట్ కోడ్ కూడా పోయినట్టే. ఇంతకంటే తేలిక దారి ఏముంది?

రెంచి రాజు

మావయ్యగారూ, మీరంటే గౌరవమే గానీ ఇందులో సగమే చెప్పారు. నేను శాక్రమెంటోలో గ్యారేజీలో పనిచేస్తాను, ఈ తగువు వారానికి ఒకసారైనా నా ముందుకొస్తుంది.

మీ దారిలో క్యాటలిస్టు పరీక్ష మూడు ట్రిప్పుల్లో పాసవ్వాలి, అదీ వరసగా. క్లియర్ చేస్తే ఒక్కసారి పాసైతే చాలు, మానిటర్ రెడీ అవుతుంది, దానికి సంబంధించిన పర్మనెంట్ కోడ్ కూడా అప్పుడే పోతుంది. ఇవాప్ పోను మొండిది క్యాటలిస్టు పరీక్షే. ఆక్సిజన్ సెన్సర్లూ హీటర్లూ మామూలుగా ఆఫీసుకి వెళ్ళొస్తుంటేనే అయిపోతాయి. మొండిదాన్ని మూడుసార్లు ఒప్పించడం మేలా, మొండిదాన్ని ఒక్కసారీ మెత్తటివాటిని తలా ఒకసారీ ఒప్పించడం మేలా?

పైగా క్లియర్ చేశాక 15 వార్మప్‌లు అయి 200 మైళ్ళు దాటితే, పర్మనెంట్ కోడ్ ఇంకా కనబడుతున్నా స్మాగ్‌లో లెక్కలోకి తీసుకోరు. ఆ వెసులుబాటు క్లియర్ చేసినవాళ్ళకే.

ఇంకో బాధ మాది. లైటు వెలుగుతుండగానే కారు చేతికిస్తే కస్టమర్ ఏమంటాడో తెలుసా? "ఇన్ని డాలర్లు తీసుకుని ఏం చేశావయ్యా?" మూడు ట్రిప్పులు ఆగండి సార్ అంటే ఎవడు వింటాడు?

ఓరుగల్లు పోరడు

అన్నా, మా ఫ్రిస్కోల గింత లొల్లి లేదు. టెక్సాస్‌ల 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేసిన్రు, గానీ డాలస్, కాలిన్, డెంటన్ దిక్కు ఎమిషన్స్ టెస్టు ఇంకా ఉన్నది. 2001, తర్వాతి బండ్లకు ఏదో ఒక్క మానిటర్ రెడీ లేకున్నా నడుస్తది, ఇవాపే ఉండాల్నని లేదు. మా దోస్తు బ్యాటరీ మార్చి సక్కగ టెస్టుకు వోయిండు, తిప్పి పంపిన్రు. బ్యాటరీ తీస్తే శానా బండ్లల్ల అన్నీ పోతయని ఆయనకు ఎర్క లేదు.

మిల్పిటాస్ మావయ్య

రాజూ, కస్టమర్ అరుస్తాడని క్లియర్ చేయడం నీ సౌకర్యం, ఆయనది కాదు. రిపేర్ కుదిరిందో లేదో తెలుసుకోడానికి క్లియర్ చేయక్కర్లేదు కదా. మోడ్ 6 చూపించే స్కానర్ నీ దగ్గర ఉంటుంది. క్యాటలిస్టు పరీక్ష ఫలితం ఎంత, పరిమితి ఎంత, రెండూ అంకెల్లో వస్తాయి. ఒకసారి రోడ్డు మీద తిప్పి ఆ అంకె కస్టమర్‌కి చూపించు. లైటు వెలుగుతున్నా నమ్ముతాడు.

ఆ 15 వార్మప్‌ల సంగతీ అంత తేలిక కాదు. ఇంజిన్ నీళ్ళ వేడి కనీసం 22 డిగ్రీలు పెరిగి, 71 సెల్సియస్ దాటితేనే ఒక వార్మప్. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు పిల్లల్ని బడి దగ్గర దింపి అయిదు నిమిషాల్లో తిరిగొస్తే అది లెక్కకే రాదు. ఆయన మెకానిక్ చెప్పిన వంద మైళ్ళ మాట కూడా అలాంటిదే. ఏ పరీక్షా మైళ్ళు చూసి నడవదు, షరతులు కుదిరితే నడుస్తుంది.

షార్ట్‌కట్ స్వామి

ఇంత రామాయణం ఎందుకు బాస్. వెనక ఆక్సిజన్ సెన్సర్‌ని పొగకి కాస్త దూరం జరిపే చిన్న స్పేసర్ బిగిస్తే క్యాటలిస్టు ఎప్పుడూ బాగున్నట్టే చూపిస్తుంది.

డబ్లిన్ అక్క

స్వామిగారూ, ఆయన కొత్త కన్వర్టర్ కొన్నాక స్పేసర్ ఎందుకండీ? పైగా అది క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద ట్యాంపరింగ్. ఇక్కడి స్మాగ్‌లో కారు కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి చూడ్డమే కాదు, కింద వంగి కూడా చూస్తారు.

శ్రీనుగారూ, క్లియర్ చేసినా చేయకపోయినా ఎలా నడపాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. రాత్రంతా ఆపిన బండిని పొద్దున్నే తీయండి. మొదట రెండు మూడు నిమిషాలు కదలకుండా ఐడిల్‌లో ఉంచండి. తర్వాత ఫ్రీవే. క్యాటలిస్టు పరీక్షకి కావాల్సింది నిలకడగా ఒకే వేగం, 40 నుంచి 55 మైళ్ళ మధ్య, కొన్ని నిమిషాల పాటు, యాక్సిలరేటర్ మీద కాలు ఊపకుండా. 65 పరిమితి ఉన్న రోడ్డు మీద 55లో వెళ్తే వెనకాల హారన్లు మోగుతాయని భయపడకండి. కాలిఫోర్నియాలో పెద్ద ట్రక్కులకి పరిమితే 55. ఆదివారం పొద్దున 680 ఫ్రీవే ఎక్కి కుడి లేన్‌లో ఓ ట్రక్కు వెనక దూరంగా సర్దుకోండి, అదే మీకు క్రూయిజ్ కంట్రోల్. దిగేటప్పుడు బ్రేకు తొక్కకుండా కాలు తీసేసి వేగం దానంతటదే తగ్గనివ్వండి, ఆ భాగం కూడా కొన్ని పరీక్షలకి కావాలి.

ట్యాంకు నిండా కొట్టించకండి, అడుగంటనివ్వకండి. 15 శాతానికి తక్కువైనా, 85కి ఎక్కువైనా ఇవాప్ పరీక్ష చాలా కార్లలో మొదలే కాదు. కొన్ని టొయోటాల్లో అయితే ఆ పరీక్ష బండి ఆపిన అయిదు గంటలకి నిద్రలో నడుస్తుంది, చిన్న పంపు శబ్దం వస్తుంది. అర్ధరాత్రి గ్యారేజీలో దొంగలని మా ఆయన టార్చి పట్టుకుని వెళ్ళారొకసారి.

రెంచి రాజు

అక్క చెప్పింది నూటికి నూరు. ఏ కంపెనీ డ్రైవ్ సైకిల్ ఆ కంపెనీదే, కానీ సారం ఇదే.

మావయ్యగారూ, మోడ్ 6 మాటకి ఒప్పుకుంటా. కానీ "ఎప్పుడూ క్లియర్ చేయొద్దు" అనే సూత్రానికి మాత్రం ఒప్పుకోను. మిస్‌ఫైర్ (సిలిండర్ సరిగా మండకపోవడం) కోడ్ తీసుకోండి, పి0300 నుంచి వచ్చేవి. అది దానంతటదే ఆరాలంటే మూడు ట్రిప్పులు మంచిగా నడిస్తే చాలదు. తప్పు జరిగినప్పుడు ఇంజిన్ ఏ వేగంలో, ఏ లోడులో ఉందో దాదాపు అదే పరిస్థితి మళ్ళీ రావాలి. వేగం 375 ఆర్పీఎం అటూ ఇటూ, లోడు 20 శాతం లోపు. ఘాట్‌రోడ్డు మీద ఏసీ వేసుకుని ఎక్కుతున్నప్పుడు పడ్డ కోడ్‌ని సన్నీవేల్ వీధుల్లో ఎలా ఆర్పుతారు? పట్టించుకునేవాళ్ళు లేక నెలలు వెలిగిన బండ్లు చూశాను. ఇంధనం మిశ్రమం కోడ్లదీ ఇదే కథ. ఇలాంటి వాటికి క్లియర్ చేయడమే దారి.

మిల్పిటాస్ మావయ్య

మిస్‌ఫైర్, మిశ్రమం, ఈ రెండిటికీ సరే, ముందు నుంచీ వాటిని నేను వేరే గంపలోనే పెడతాను. శ్రీనుగారిది పి0420. దానికి ఆ షరతు లేదు. క్యాటలిస్టు, ఆక్సిజన్ సెన్సర్, ఇవాప్ కోడ్లకి నా మాట నాదే.

కూకట్‌పల్లి కిరణ్

ఇవన్నీ చదువుతుంటే మా పొల్యూషన్ సర్టిఫికెట్ గుర్తొస్తోంది. రోడ్డు పక్క వ్యాను, సైలెన్సర్‌లో గొట్టం, నంబరు ప్లేటు ఫోటో, అయిపోయింది. ఇక్కడ 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 వచ్చింది, 2023 ఏప్రిల్‌లో రెండో దశ కూడా వచ్చింది, కార్లలో ఓబీడీ (కారు తనను తాను పరీక్షించుకునే ఏర్పాటు) బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ వ్యానువాడు కేబుల్ పెట్టడు. లైటు వెలుగుతున్నా సర్టిఫికెట్ వస్తుంది. ఏది నయమో మీరే చెప్పండి.

డబ్లిన్ అక్క

పొగ సంగతి అడిగితే మాది, తలనొప్పి సంగతి అడిగితే మీది.

సన్నీవేల్ శ్రీను

అందరికీ థాంక్స్. నాకు రోజూ ఫ్రీమాంట్ ఆఫీసుకి వెళ్ళిరావడం ఉంది కాబట్టి వార్మప్‌ల బాధ లేదు. ఒక సందేహం, ఇదంతా తేలేలోపు గడువు దాటిపోతే?

డబ్లిన్ అక్క

రిజిస్ట్రేషన్ డబ్బులు గడువులోపు కట్టేయండి, స్మాగ్ తర్వాత అయినా సరే. కడితే ఆలస్య రుసుం పడదు. స్టిక్కర్ మాత్రం స్మాగ్ పాసయ్యాకే ఇస్తారు. స్మాగ్‌లో ఫెయిలై, డబ్బులు కట్టి ఉంటే డీఎంవీ (బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు) తాత్కాలిక పర్మిట్ ఇస్తుంది. వెళ్ళేముందు చవక బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో అన్నీ రెడీ అని చూసుకునే వెళ్ళండి. టెస్టు డబ్బులు ఊరికే పోగొట్టుకోవద్దు.

రెంచి రాజు

శ్రీనుగారూ, అసలు ప్రశ్న ఎవరమూ అడగలేదు. పాత కన్వర్టర్ ఎందుకు పోయిందట? అవి ఊరికే చావవు. ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, సిలిండర్ సరిగా మండక పచ్చి పెట్రోలు కిందకి పోతున్నా కాలిపోతాయి. కారణం అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

సన్నీవేల్ శ్రీను

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ బలహీనంగా ఉంటే అదీ మార్చారట. కోడ్లు రెండున్నాయట: పి0420, పి0303.

రెంచి రాజు

పి0303 అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్. చూశారా మావయ్యగారూ!

మిల్పిటాస్ మావయ్య

చూశానయ్యా. ఇది నేను చెప్పిన రెండో గంపలోది. శ్రీనుగారూ, కోడ్ రెండు ఉన్నాయని మొదటి పోస్టులోనే తెలిసుంటే ఈ తగువు సగం తగ్గేది. పి0303 ఉంది కాబట్టి క్లియర్ చేయించండి. దాని పర్మనెంట్ కోడ్ త్వరగా పోకపోయినా, రాజు చెప్పిన 15 వార్మప్‌లు, 200 మైళ్ళు దాటాక అడ్డం రాదు. మీకు నెల పైనే ఉంది, ఆఫీసు రాకపోకలతో అయిపోతుంది. క్లియర్ చేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడ్డప్పుడు కంప్యూటర్ రాసిపెట్టుకున్న లెక్కలు) ఫోటో తీసుకోమనండి, మిస్‌ఫైర్ ఏ వేగంలో పడిందో అందులో ఉంటుంది. చెరిపితే అదీ పోతుంది.

రెంచి రాజు

ఫ్రీజ్ ఫ్రేమ్ మాట బాగుంది, మా గ్యారేజీలో కూడా అందరూ తీయరు. ఇంకొక్కటి. రాబోయే వారంలో లైటు ఊరికే వెలిగితే కంగారు పడకండి, స్కానర్ పెట్టి చూడండి. మిణుకు మిణుకుమంటే మాత్రం వెంటనే వేగం తగ్గించి పక్కకి ఆపండి. మిస్‌ఫైర్ జరుగుతోందని, కొత్త కన్వర్టర్ కాలుతోందని దాని అర్థం.

సన్నీవేల్ శ్రీను

అలాగేనండి. ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో పంపమని గ్యారేజీకి మెసేజ్ పెట్టాను, వచ్చాక ఇక్కడే పెడతాను.