యోమ్ కిప్పూర్ ఉపవాసంలో కాఫీ తలనొప్పి: ఎన్నాళ్ల ముందు మానాలి?

యూదుల ప్రాయశ్చిత్త దినాన నీళ్లు కూడా ముట్టని 25 గంటల ఉపవాసం ఇది. ఆకలి, దాహం ఓర్చుకోగలను. ఉపవాసం మొదలయ్యే కోల్ నిద్రే ప్రార్థన రాత్రి, మర్నాడు పొద్దున బాగానే ఉంటుంది. యోనా గ్రంథం చదివే మిన్హా (మధ్యాహ్న ప్రార్థన) వేళకు కణతల్లో పోటు మొదలై, నెయీలాకి కళ్ల వెనక్కి పాకుతుంది. ఆ ఆఖరి ప్రార్థన నిలబడి చేయాలని నా కోరిక. కూర్చోక తప్పడం లేదు.

ఉపవాసం ముగిసిందని షోఫర్ (పొట్టేలు కొమ్ము బాకా) ఊదాక కాఫీ తాగితే అరగంటలో తగ్గిపోతుంది, కాబట్టి ఇది కెఫీన్ అందకపోవడం వల్లేనని అనుకుంటున్నాను. రోజుకు మూడు కప్పుల అలవాటు. వారం ముందునుంచి తగ్గిస్తూ అరకప్పుకు తెచ్చాను, చివరిది ముందురోజు ఉదయం ఎనిమిదికి. ఆ రోజంతా నీళ్లు బాగా తాగాను, సూర్యాస్తమయానికి ముందు భోజనంలో ఉప్పూ కారం తగ్గించాను. అయినా నొప్పి ఆగలేదు.

ఈ తలనొప్పి లేకుండా ఉపవాసం పూర్తిచేసినవాళ్లు కాఫీని పూర్తిగా ఎన్ని రోజుల ముందు ఆపేశారు?