బేరంతో మొదలైన పెళ్లిలో ప్రేమ పుడుతుందా?

సీతాఫల్‌మండి చదువరి: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 40 రూపాయలకి కొన్న ఇంగ్లిష్ నవల రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని ముగించా. కథ 1815 నాటి లండన్‌లో. తండ్రి అప్పులు మీద పడ్డ ఓ కుర్ర ఎర్ల్ (బిరుదున్న దొర), డబ్బున్న వర్తకుడి అనాథ కూతురు. ఆయనకి సొమ్ము కావాలి, ఆమెకి మేనమామ ఇంటినుంచి బయటపడాలి. ఏడాదిపాటు ఒకరి జోలికి ఒకరు పోకూడదని మాట అనుకుని పెళ్లి చేసుకుంటారు. చివరికి ప్రేమ. హాయిగా నవ్వుకున్నా. ఇలా జరుగుతుందంటే మీరు నమ్ముతారా?

నల్లకుంట టీచర్: నేనూ చదివా. నమ్మను. అప్పటి ఇంగ్లండులో పెళ్లయిన మరుక్షణం ఆడదాని డబ్బు, నగ మొగుడివైపోయేవి. అది పూర్తిగా మారింది 1882 చట్టంతో. కోర్టులో విడాకులు దొరకడం 1857 చట్టం తరవాతే. అంతకుముందు పార్లమెంటులో విడిగా చట్టం చేయించుకోవాలి. ఇరుక్కుంటే బయటికి దారి లేని పిల్ల కథకి నవ్వెలా వస్తుంది?

వారాసిగూడ సార్: టీచరమ్మా, సగమే చెప్పారు. డబ్బున్న పిల్లకి పెళ్లికి ముందే సెటిల్‌మెంట్ దస్తావేజు రాయించేవారు. సొమ్ము ట్రస్టీల చేతిలో ఉండేది. చేతిఖర్చుకి ‘పిన్ మనీ’ ఇంత, భర్త పోతే ‘జాయించర్’ ఇంత అని అందులోనే ఉండేది. 31 ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజులు చదివినవాణ్ణి. నవలలో లాయరు వచ్చి సంతకాలు పెట్టించాడా లేదా?

సీతాఫల్‌మండి చదువరి: పెట్టించాడు సార్.

నల్లకుంట టీచర్: ట్రస్టీలెవరో కూడా చెప్పండి. ఒకడు మేనమామే!

వారాసిగూడ సార్: రెండోవాడు పాదిరి కదా. ఒక్కడి సంతకంతో సొమ్ము కదలదు.

రాణిగంజ్ రవళి: నవల నాకు ఇస్తారా ఎవరైనా?

మలక్‌పేట పోరడు: గీ ట్రస్టీల పంచాయితీ ఎందుకు? నిజాం కొడుకు ఆజం జాకు, తుర్కీల ఆఖరి ఖలీఫా బిడ్డ దుర్రు షెహ్వార్‌కు 1931ల ఫ్రాన్స్‌ల నీస్ పట్నంల నికా అయింది. ఇటు పైసలు, అటు వంశం. ఆఖరికి విడిపోయిండ్రు. పురానీ హవేలీల ఆమె పేరు మీద దవాఖాన మాత్రం ఉన్నది.

వారాసిగూడ సార్: నాయనా, ప్రేమించి చేసుకున్నవాళ్ల సంగతో? కోఠి రెసిడెన్సీ కట్టించిన ఇంగ్లిష్ దొర కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో పోయాడు. అదే ఏడు ఇంగ్లండు పంపిన పిల్లల్ని ఆయన భార్య ఖైరున్నీసా మళ్లీ చూడనేలేదు.

నల్లకుంట టీచర్: సార్, నవాబుల్ని వదిలేయండి. 1994లో మా నాన్న పసుపు కుంకుమ కింద ఎకరంన్నర నా పేరునే రాశారు. రెండేళ్లకి అత్తింటివాళ్లు అమ్మించారు. సంతకం నాదే. ఎదురుగా ఐదుగురు కూర్చుంటే పెట్టక ఏం చేస్తాను? మీలాంటి ఆఫీసులోనే, ‘ఇష్టపడే పెడుతున్నావా’ అని ఒక్కరు తలెత్తి అడగలేదు. ఇప్పుడు మా ఆయనకి వేళకి బీపీ మాత్ర ఇస్తాను, కూరలో ఉప్పు తగ్గిస్తాను. చూసినవాళ్లు ఎంత ప్రేమో అంటారు. అలవాటది! దానికి ప్రేమని పేరుపెడితే నాకు ఒళ్లు మండుతుంది.

మలక్‌పేట పోరడు: అక్కా, గింత బాధ ఉన్నదని తెల్వదు.

వారాసిగూడ సార్: ఆ సంతకం మాటకి తలదించుకుంటున్నానమ్మా. అడగాల్సినచోట నేనూ చాలాసార్లు అడగలేదు. కానీ అలవాటన్నారే, అది గుచ్చుకుంది. 1971లో మా పెళ్లి. మామగారు నా చదువుకి ఫీజు కడతానన్నారు, అదీ బేరం. తాళి కట్టేదాకా ఆమె ముఖం సరిగా చూడలేదు. రెండేళ్లు ముక్తసరి మాటలే. ఓ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీకి బయల్దేరుతుంటే ‘నాకూ ఓ పుస్తకం తెండి’ అంది. ఆ తరవాత ఆమె పోయేదాకా ఏ పుస్తకమైనా ఇద్దరం చదవందే వెనక్కివ్వలేదు. దాన్ని అలవాటంటే చచ్చినా ఒప్పుకోను.

నల్లకుంట టీచర్: ఆ బేరం మీకు తెలుసు, మీ మామగారికి తెలుసు. ఆవిడని ఎవరైనా అడిగారా?

వారాసిగూడ సార్: పెళ్లినాడు ఎవరూ అడగలేదు. పిల్లలు పెద్దయ్యాక నేనే ఒకసారి అడిగా. ‘ఇప్పుడెందుకూ’ అని నవ్వి లోపలికెళ్లింది.

సీతాఫల్‌మండి చదువరి: నవలలో ఎర్ల్ అడుగుతాడు. ఏడాది గడువు తీరినరోజు, ఉంటావా వెళ్తావా అని. ఆ పేజీ రెండుసార్లు చదివా.

నల్లకుంట టీచర్: నేనూ ఆ పేజీ దగ్గర ఆగాను. వెళ్తానంటే ఎక్కడికెళ్లాలి ఆ పిల్ల, మళ్లీ మేనమామ ఇంటికా?