ఈ వారం సమస్య: చచ్చినపుడె కలుగు శక్తి మనకు

నరసాపురం:
మొన్న సఖినేటిపల్లి నుంచి వస్తూ గోదారి దాటడానికి పంటు ఎక్కాను. పక్కనే కమ్మీకి ఆనుకుని ఓ కుర్రాడు, పదో తరగతి చదువుతుంటాడేమో, ఫోను అడ్డంగా పట్టుకుని ఆడుతున్నాడు. ఎడమ బొటనవేలు తెర మీద ఒక మూల గుండ్రంగా తిరుగుతోంది, కుడి బొటనవేలు ఇంకో మూల. మధ్యలో గోరంత మనిషి, నాలుగు పక్కల నుంచీ భూతాలు. పంటు గోదారి మధ్యకి వచ్చేసరికి ఆ మనిషి చచ్చాడు. నేను "అయ్యో" అన్నాను. వాడు నా వంక చూసి, "పర్లేదు బాబాయ్ గారూ, చచ్చాను కదా, ఇప్పుడు పవర్ కొనుక్కోవచ్చు" అన్నాడు. ముఖంలో దిగులు లేదు సరికదా, సంబరం. ఒడ్డు చేరేలోపే పాదం కుదిరిపోయింది.

చచ్చినపుడె కలుగు శక్తి మనకు

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే: చచ్చి, నపుడె, కలుగు, శక్తి, మనకు. 'చ'కీ 'శ'కీ యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు. పై మూడు పాదాలూ మీవి. ఎప్పటిలాగే ఊరి పేరుతో రాయండి. ఆట సంగతే ఉండాలని లేదు, ఎటు తీసుకెళ్లినా సరే. కానీ 'చచ్చినపుడె' చివర ఎత్వం చూశారు కదా, చచ్చినప్పుడు మాత్రమే అని. ఆ 'మాత్రమే'కి కారణం చూపించాలి. 'మనకు' ఎవరో కూడా తేలాలి.

తణుకు:
బ్రతికియుండగానె బలము గూర్చుకొనుము
ఎవరు చెప్పిరయ్య యిట్టి మాట
తెలివిలేనివాడు తెలియక పలికెను
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

నరసాపురం:
నడక శుభ్రంగా ఉందండి. 'ఎవరు'కీ 'ఇట్టి'కీ స్వరయతి కూడా సరిగ్గా పడింది. అయితే సమస్యని తెలివిలేనివాడి నోట్లో పెట్టి మీరు పక్కకి తప్పుకున్నారు. ఈ దారి పాతదే, అవధానంలో ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఇరికించినప్పుడు బయటపడడానికి పనికొస్తుంది. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు పుట్టిన యండగండి మన భీమవరం పక్కనే, చెళ్లపిళ్ల వారు పుట్టిన కడియం ధవళేశ్వరానికి దగ్గర. ఆ జంట కవుల ఎదుట పృచ్ఛకులు కాచుకుని కూర్చునేవారు. మన ఎదుట ఎవరూ లేరు, వారం రోజుల గడువుంది. ఎదురు నిలబడి ఇంకొకటి రాయండి.

తణుకు:
ఒప్పుకున్నాను. మూడో పాదంలో 'తెలివిలేని', 'తెలియక' ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టయింది. అదీ నాకు నచ్చలేదు.

రావులపాలెం:
మా ఊళ్లో అరటి తప్ప ఇంకేం తోస్తుందండి.

అరటిగెలను గోసి యవ్వల నరికిన
తల్లిచెట్టు పడిన దాని మొదల
పిలక పుంజుకొనుచు పెరుగును వేగమె
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

అమలాపురం:
మూడో పాదం చదువుతుంటే మా పెరడు కళ్లముందు కనబడింది. గెల దించాక తల్లిని నరికితే పక్క పిలక ఎలా లేస్తుందో చూసినవాడికే 'పుంజుకొనుచు' అన్న మాట వస్తుంది. కానీ బాబూ, చచ్చింది తల్లి, శక్తి వచ్చింది పిలకకి. మధ్యలో 'మనకు' ఎక్కడిది? పిలకలే మాట్లాడుతున్నాయని ఒక్క సూచన ఉంటే సరిపోయేది. రెండో మాట, మొదటి పాదంలో 'నరికిన', రెండో పాదంలో 'పడిన'. చెట్టుని రెండుసార్లు కూల్చారు.

రావులపాలెం:
ఆయ్, నిజమేనండి మాస్టారూ. మూడో పాదం మళ్లీ చూస్తాను.

ముమ్మిడివరం:
నేను ఈ ఆటలు ఆడతాను. పద్యం మాత్రం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

ఎడమబొటన నడుప నీ కుడిబొటనయె
కుదురు లేక గుండ్లు కురియుచుండ
చుట్టుముట్టి వచ్చు రాక్షసు లెల్లరు
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

నరసాపురం:
మొదటి పద్యమా! పంటు మీద నేను చూసిన వేళ్లే ఇవి. ఇంకా మెచ్చుకోవలసింది, చచ్చేది మనం కాదు, రాక్షసులు అని ఒక్క కర్తని మార్చి చిక్కు విప్పేశావు. అది అసలైన సమస్యాపూరణ పద్ధతి.

ఒక్క చోట యతి తప్పింది. మూడో పాదంలో 'చు'కి నాలుగో గణం మొదట 'రా' పెట్టావు. రెంటికీ మైత్రి లేదు. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒక జట్టు. అచ్చుల్లో ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. కాబట్టి 'చు'కి 'సొ' పనికొస్తుంది:

చుట్టుముట్టి వచ్చు సొలయని రక్కసుల్

సొలయని అంటే అలసిపోని. నల గణం, దాని వెనక 'రక్కసుల్' ర గణం. ఈ ఆటల్లో రాక్షసులు అలసిపోరు కదా, అర్థం కూడా బలపడింది.

ముమ్మిడివరం:
అలసిపోరు సార్, నిజం. అందుకే ఎదురెళ్లి కాలిస్తే ఇరుక్కుంటాం. అవి సూటిగా మన మీదకే వస్తాయి గనక, మనం పెద్ద గుండ్రంలో తిరిగితే అన్నీ తోకలా ఒకే వరసలోకి వచ్చేస్తాయి. అప్పుడు కుడి వేలు వెనక్కి లాగి కాల్చుకుంటూ పోవడమే. చచ్చిన ప్రతి భూతం ఒక రత్నం రాలుస్తుంది. అది ఏరుకోవాలంటే మళ్లీ గుంపులోకి దూరాలి, అక్కడే టెన్షన్. నా పద్యంలో శక్తి అన్నది ఆ రత్నమే.

అంతర్వేది:
గుళ్లో చిన్నప్పటి నుంచీ విన్న కథ గుర్తొచ్చింది. మాట్లాడేది రక్తవిలోచనుడి రూపాలు, ఒకరితో ఒకరు.

ఎన్ని యిసుకరేణు లెఱ్ఱనై తడిసెనో
యన్ని తనువు లెత్తి యాడగలము
హరుని వరము గాదె యసురులార! వినుడు
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

అమలాపురం:
ఇది చదివి లేచి నిలబడ్డాను. కథ తెలియని చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. రక్తవిలోచనుడు హిరణ్యాక్షుడి కొడుకు. తన నెత్తురు తగిలి తడిసిన ఇసుకరేణువులు ఎన్నో అన్ని రూపాలు తనకి పుట్టాలని శివుడి దగ్గర వరం పొందాడు. వసిష్ఠుడి మొర విని నరసింహస్వామి వచ్చాడు. కొట్టినకొద్దీ రాక్షసులు పెరిగిపోతుంటే, మాయాశక్తి నాలుక చాచి నెత్తురు నేల మీద పడకుండా పట్టింది. అప్పుడుగానీ వాడు చావలేదు. ఆ తల్లే అంతర్వేదిలో అశ్వరూఢాంబిక, మనవాళ్ల నోట గుర్రాలక్క.

ఇక పద్యం. 'మనకు' అన్న మాటని రాక్షసుల నోట పెట్టడంతో అది నూటికి నూరుపాళ్లు అతికింది. 'లెఱ్ఱనై' దగ్గర 'ఎన్ని'కి స్వరయతి, 'హ'కి 'య'లో దాగిన అకారంతో యతి, రెండూ ముచ్చటగా ఉన్నాయి. నెత్తురు అన్న మాట వాడకుండా 'ఎఱ్ఱనై తడిసెనో' అని వదిలేయడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

ముమ్మిడివరం:
మాస్టారూ, ఇలాంటి భూతం మా ఆటలోనూ ఉంది! ఒకటి పగిలితే రెండు, రెండూ పగిలితే నాలుగు. చిన్నవి ఇంకా జోరుగా పరిగెడతాయి. తెలియక ముందే కాల్చేస్తే తెర నిండిపోతుంది. నేల మీద మంట పరిచే ఆయుధం వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. ముక్కలు మంటలో పడి అక్కడికక్కడే పోతాయి. ఇప్పుడు తెలిసింది, అది గుర్రాలక్క నాలుకే.

నరసాపురం:
ఈ వారం నాకు దక్కినవాటిలో ఈ మాట ఒకటి. దాచుకుంటాను.

పాలకొల్లు:
ఇలా రెండు బొటనవేళ్లతో ఆడే ఆటలకి మూలమైన రెండు కర్రల (జాయ్‌స్టిక్కుల) ఆట ఎలా పుట్టిందో చెప్పే పద్యం ఒకటి. 1982లో అమెరికాలో విలియమ్స్ కంపెనీ 'రోబోట్రాన్: 2084' అనే ఆట పెట్టెను తెచ్చింది. చేసినవాళ్లు యూజీన్ జార్విస్, లారీ డిమార్. అంతకుముందు కారు ప్రమాదంలో జార్విస్ కుడిచెయ్యి దెబ్బతిని కట్టు కట్టారు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో మీట అనే మామూలు పద్ధతి ఆయనకి కుదరలేదు. అందుకని రెండు కర్రలు పెట్టారు. ఒకటి నడవడానికి, ఒకటి ఎనిమిది దిక్కుల్లో ఎటైనా కాల్చడానికి.

మీట నొక్కలేక మేధావి యొక్కడు
కోల లమర రెండు కొత్త యాట
అల్లె జూడుమయ్య యాతని కుడిచేయి
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

అమలాపురం:
'కుడిచేయి' దగ్గర ఆగి, తర్వాతి పాదంలో 'చచ్చి' అనేసరికి ఒళ్లు ఝల్లుమంది. తెలుగులో చెయ్యి చచ్చుబడింది అంటాం గనక పలుకుబడి సహజంగా ఉంది. ఒకటే అభ్యంతరం. ఎప్పుడో 1982లో జరిగినదానికి 'కలిగె' అనాలి. 'కలుగు' అంటే ఎప్పుడూ జరిగేదవుతుంది. సమస్య పాదం మార్చకూడదు గనక, పై మూడు పాదాల్లో కాలాన్ని సర్దాలి.

పాలకొల్లు:
చాలాసేపు పట్టుకుని చూశాను, కుదరలేదు మాస్టారూ. ఆ లోటుతోనే ఉంచుతున్నాను.

రాజోలు:
నేను డిగ్రీ చదువుతున్నాను. తమ్ముడూ నేనూ ఒకే ఫోన్లో వంతులు వేసుకుని ఆడతాం. ముమ్మిడివరం అన్నయ్య చెప్పిన రత్నాలు ఆ ఒక్క ఆటకే పనికొస్తాయి. మనిషి చావగానే ఆ బలమంతా పోతుంది. వాటితోపాటు వేరే మణులు దొరుకుతాయి. అవి బతికున్నంతసేపూ సంచిలో ఊరికే ఉంటాయి. చచ్చాకే కొట్టు తెరుచుకుంటుంది. అక్కడ కొన్నది ఇక ఎప్పటికీ మనదే: ఇంకొంచెం ప్రాణం, ఇంకొంచెం పరుగు, కొత్త తుపాకీ. పంటు మీద అబ్బాయి సంతోషించింది అందుకే.

కూడబెట్టు మణులు కొనుటకు చెల్లవు
ఊపిరున్నవరకు నొక్కటైన
నాట ముగియగానె యంగడి కనబడు
చచ్చినపుడె కలుగు శక్తి మనకు

నరసాపురం:
అమ్మా, నేను అడిగిన రెండింటికీ జవాబు ఇక్కడ దొరికింది. 'ఊపిరున్నవరకు నొక్కటైన' చెల్లదు అన్నావు గనక ఆ 'మాత్రమే' తప్పించుకోవడానికి వీల్లేకుండా పోయింది. 'మనకు' అంటే ఆడేవాళ్లం, అనుమానమే లేదు. చచ్చేదీ, బలం పొందేదీ ఒకరే. ఇప్పటిదాకా వచ్చిన పద్యాల్లో ఇది ఇంకెవరూ చేయలేదు. ముమ్మిడివరం, పాలకొల్లు కర్తని మార్చారు, అంతర్వేది మాట్లాడేవాళ్లనే మార్చింది. నువ్వు ఏదీ మార్చకుండా నిజం చెప్పి విప్పావు.

అమలాపురం:
నాదీ అదే మాట. ఛందస్సులో ఒక్క సంగతి. 'చెల్లవు' తర్వాత 'ఊపిరి' వచ్చింది, ఉత్వసంధి చేయలేదు. 'కొనుటకు రావురా / యూపిరున్నవరకు' అంటే విసంధి పోతుంది, గణమూ చెడదు. 'రావురా'లో తమ్ముడితో మాట్లాడుతున్నట్టు చనువు కూడా వస్తుంది.

రాజోలు:
తాతగారూ, ఆలోచించాను. 'రావురా' బాగుంది. కానీ నోటు చెల్లదు, నాణెం చెల్లదు అంటాం కదా, నాకు ఆ మాటే కావాలి. మణి చేతిలో మెరుస్తూనే ఉంటుంది, కొట్టువాడు తీసుకోడు. 'రావు' అంటే అది పోతుంది. పాదం చివర కాబట్టి విసంధి ఉంచుకోవచ్చా?

అమలాపురం:
ఈ రోజుల్లో పాదాంతంలో విసంధిని చాలామంది ఒప్పుకుంటున్నారు. నేను ఒప్పుకోను. అయినా 'చెల్లవు' గురించి నువ్వు చెప్పింది సరైనది. ఉంచుకో అమ్మా.

నరసాపురం:
అయితే వారం పద్యం రాజోలుది. అంతర్వేది పద్యం దాని పక్కనే పెడుతున్నాను, ఆ రెంటి మధ్య నాకు రెండు రాత్రులు పట్టింది. పద్ధతి ప్రకారం వచ్చే సమస్య గెలిచినవాళ్లే ఇవ్వాలి. ఆటవెలదే, నాలుగో పాదం.

రాజోలు:
మా కాలవ గట్టు మీద ఇప్పుడే తోచింది.

నీరులేని పడవ నిండ మునిగె

నరసాపురం:
'నీ'కి 'ని', యతి సరిపోయింది. గడువు వచ్చే ఆదివారం రాత్రి వరకు.