జవాబు వచ్చింది, ఎలా వచ్చిందో మాత్రం తెలియలేదు (మా బాబాయి పదాల గడి, మూడు ఆధారాలు)

పుణె_పిల్ల:

అందరికీ నమస్కారం. మా బాబాయి బ్యాంకులో రిటైరై రాజమండ్రిలో ఉంటారు. ప్రతి ఆదివారం పొద్దున్నే తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసి, నల్లగళ్లు బాల్‌పెన్నుతో ఓపిగ్గా దిద్ది, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెడతారు. ఇన్నాళ్లూ మామూలు గళ్లే, రాముడి తమ్ముడు (4), మంట (2) లాంటివి (బ్రాకెట్లో అంకె జవాబులో ఎన్ని అక్షరాలో చెబుతుంది), టీ తాగేలోపు నింపేసేదాన్ని. రెండు నెలల నుంచి ఆయనకి ఏం పట్టుకుందో తెలీదు, అన్నీ తిరకాసు ఆధారాలే ఇస్తున్నారు. ఒక్కటీ సూటిగా ఉండదు, అడిగితే "ఆలోచించమ్మా" అని ఒక నవ్వు బొమ్మ.

ఈ వారం మూడు దగ్గర ఆగిపోయాను.

అడ్డం 7. పెన్నులో ఉప్మాకి కావాల్సింది పోస్తే కత్తి (4)
నిలువు 3. తలకిందులైతే తీగ (2)
అడ్డం 12. చెల్లాచెదురైన నవల పంచమికి చెందింది (3)

7కి నిలువుల నుంచి మొదటి అక్షరం క, మూడోది వా వచ్చాయి, కత్తి అన్నారు కాబట్టి కరవాలం అని రాసేశాను, కరెక్టే అన్నారు. కానీ ఉప్మా ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు. నిలువు 3 తీగ కాబట్టి లత అనుకున్నా, అదీ కరెక్టే, మరి తలకిందులు ఎందుకు? 12కి మాత్రం ఏమీ తట్టలేదు. క్యాలెండర్ తీసి నాగపంచమి, వసంత పంచమి, ఋషి పంచమి అన్నీ చూశాను. ఊరికే జవాబు చెప్పొద్దు, ఎలా ఆలోచించాలో చెప్పండి ప్లీజ్.

అడ్డమూ_నిలువూ:

మీ బాబాయిగారికి ఇక్కణ్నుంచే ఒక దండం. 7 చూడగానే లేచి నిలబడ్డాను.

పెన్ను అంటే కలం. ఉప్మాకి కావాల్సింది రవా. కలం మధ్యలో రవా పోయండి: క, రవా, లం. కరవాలం. కలం కడుపులో కత్తి, అదీ ఉప్మారవ్వతో!

ఇలాంటి ఆధారంలో ఎప్పుడూ రెండు ముక్కలుంటాయి. ఒకటి సూటి అర్థం (ఇక్కడ కత్తి), అది వాక్యం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. మిగతాదంతా అదే మాటని అక్షరాలతో కట్టే పద్ధతి. పైకి కనిపించే కథని నమ్మారా, ఇక అంతే. పెన్ను, ఉప్మా, కత్తి అని బొమ్మ ఊహించుకోవద్దు, ఒక్కో మాటా విడదీసి "ఇది నాకు ఏ పని చెబుతోంది" అని అడగాలి. లో, పొట్టలో, మింగితే అంటే ఒకదాంట్లో ఒకటి దూర్చమని. చెల్లాచెదురు, కకావికలు, చిందరవందర అంటే అక్షరాలు కలిపెయ్యమని. వెనక్కి, తిరగబడి అంటే చివర్నుంచి చదవమని.

12కి ఒక్క ముక్క చెబుతాను: క్యాలెండర్ మూసేసి, స్కూల్లో చదివిన తెలుగు వ్యాకరణం గుర్తు తెచ్చుకోండి.

పేచీకోరు:

నాకు 7 మీద అభ్యంతరం ఉంది. మా ఇంట్లో ఉప్మాకి కావాల్సింది రవ్వ, రవా కాదు. బొంబాయి రవ్వ, ఇడ్లీ రవ్వ, గోధుమ రవ్వ. కిరాణా కొట్టుకెళ్లి రవా ఇవ్వమంటే మా కొట్టాయన నా మొహం చూస్తాడు. కూర్పరికి, అంటే గడి కట్టినాయనకి, కరవాలం కావాల్సొచ్చింది కాబట్టి రవ్వకి వత్తు పీకి దీర్ఘం తగిలించారు. ఇది ఆటా, తొండా?

అడ్డమూ_నిలువూ:

ఏ టిఫిన్ హోటల్ బోర్డు మీదైనా రవా దోసె అనే ఉంటుంది కదండీ. రవ్వ దోసె అన్నా తప్పు లేదనుకోండి. రెండూ జనం నోట్లో ఉన్నాయి, చాలు.

మారేడుపల్లి_తాత:

చదువుతుంటే ఉత్సాహం వచ్చింది, కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటెయ్యండి.

నాకీ పిచ్చి పట్టింది డెబ్బైల్లో, ఇంగ్లీషు గళ్లతో. 1971లో హిందూ పత్రికలో గడి మొదలైనప్పుడు దాన్ని కట్టింది అడ్మిరల్ రామ్‌దాస్ కటారి, 1958లో మన నౌకాదళానికి అధిపతి అయిన మొదటి భారతీయుడు. యుద్ధనౌకలు నడిపినాయన రిటైరయ్యాక అక్షరాలతో యుద్ధం పెట్టుకున్నాడు. మేం ఆఫీసులో లంచ్ టైంలో నలుగురం ఒకే పేపరు మీద పడేవాళ్లం, ఒకడు చదివితే ముగ్గురు బుర్రలు గోక్కునేవాళ్లు. పూర్తయిన రోజులు తక్కువే.

పేచీకోరు అడిగిన ఆటా తొండా అన్న ప్రశ్న మీద ఇంగ్లీషు వాళ్లు ఎప్పుడో కొట్టుకుని ఒక దారికొచ్చారు. అఫ్రిట్ అనే మారుపేరుతో గళ్లు కట్టిన ఒకాయన తేల్చిందేమిటంటే, కూర్పరి తను అన్న మాటని అదే అర్థంలో అనుకోనక్కర్లేదు, కానీ తను అనుకున్నది మాత్రం అని తీరాలి. తర్వాత జిమెనీజ్ అనే పేరుతో అబ్జర్వర్ పత్రికలో గళ్లు కట్టిన మెక్‌నట్ 1966లో దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆధారంలో అర్థం ఉండాలి, కట్టే పద్ధతి ఉండాలి, ఇంకేమీ ఉండకూడదు, సారాంశం అంతే. ఆ లెక్కన రవా ఆటే, తొండి కాదు.

ఇక తెలుగు సంగతి. మనకి ఆరుద్ర గళ్ల నుడికట్లున్నాయి, శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలున్నాయి, కాబట్టి ఇది నిన్నటి ముచ్చట కాదు. అయితే ఇంగ్లీషు అలవాటుతో వస్తే ఒక చోట బోర్లా పడతారు, నేను పడ్డాను. ఇంగ్లీషులో గడికి ఒక లెటరు, మొత్తం ఇరవై ఆరు. మనకి గడికి ఒక పూర్తి అక్షరం, గుణింతంతో, వత్తుతో సహా. స్త్రీ అంటే ఒక్క గడే. అడ్డంలో రి ఉంటే నిలువులో కూడా రి ఉండాల్సిందే, ర కుదరదు, రీ కుదరదు. అందుకే కట్టేవాడికి నల్లగళ్లు ఎక్కువ పడతాయి, నేను ఒకసారి పదకొండు బై పదకొండు కట్టబోయి ఒక మూలన రెండు రాత్రులు ఇరుక్కుపోయాను, మా ఆవిడ లైటు ఆర్పేసింది.

కానీ వాళ్లకి లేని సరుకు మనకుంది. కొమ్ము, గుడి, దీర్ఘం, సున్న, ఇవన్నీ అక్షరాల భాగాలూ అవుతాయి, లోకంలో వస్తువులూ అవుతాయి. "కొమ్ము విరిగిన కులం రాతకి పనికొస్తుంది (2)" అన్నామనుకోండి, కులంలో కొమ్ము తీస్తే కలం. "స్వప్నం చివర గుడి కడితే యుగం (2)" అంటే కలకి చివర గుడి, కలి. కొమ్ము అనగానే ఎద్దు, గుడి అనగానే దేవుడు గుర్తొస్తే కూర్పరి గెలిచినట్టే.

దాచిపెట్టడానికీ మన భాష బాగుంటుంది. ఇది నేను కట్టిందే: "పావన జలంలో దాగిన తామర (3)". పా-వనజ-లం. వనజ. వనం అంటే నీళ్లని కూడా అర్థం ఉంది, అందుకే తామరకి ఆ పేరు. నాకు దీని మీద కొంచెం గర్వం ఉంది.

పేచీకోరు:

తాతగారూ గర్వం కాస్త తగ్గించండి, తామర అంటే వనజం. సున్న ఏది? జిమెనీజ్ గారు ఒప్పుకుంటారా?

మారేడుపల్లి_తాత:

దొరికిపోయాను. నిజమే, పువ్వయితే వనజమే. ఇలా మారుద్దాం: "పావన జలంలో దాగిన అమ్మాయి (3)". పేరుగా వనజ చక్కగా సరిపోతుంది. ఆలోచిస్తే ఇదే బాగుంది, అమ్మాయి నీళ్లలో దాక్కుందంటే ఇంకో రకం కథ. నీ పేచీ వల్ల లాభమే జరిగింది నాయనా.

పుణె_పిల్ల:

వచ్చిందీ!! వలన! వలనన్, కంటెన్, పట్టి, పంచమీ విభక్తి!! నవలని కలిపేస్తే వలన. స్కూల్లో రాగం తీసి అప్పజెప్పేవాళ్లం, ఇన్నేళ్ల తర్వాత మీటింగ్ మధ్యలో తట్టింది, మైకు ఆఫ్‌లో ఉంది కాబట్టి బతికిపోయాను.

తలకిందులు కూడా ఇప్పుడే వెలిగింది. తలకిందులు అన్న మాటలోనే తల ఉంది! తల కిందులైతే లత. నిలువు కాబట్టి నిజంగానే కింద నుంచి పైకి. నేను ఆ మాటని విడదీయకుండా ఒకటిగా చదివేశాను.

ఊపులో నేనూ ఒకటి కట్టాను, చూడండి: "తిరగబడిన వనితకి తృప్తి (3)". జవాబు తనివి. ఎలా ఉంది?

పేచీకోరు:

చదవడానికి అదిరింది. కట్టడం మాత్రం తప్పు. వనిత తిరగబడితే తనివ వస్తుంది, తనివి రాదు. చివర్లో వ, వి కాదు. తాతగారు గడికొక అక్షరం అని అంతసేపు చెప్పింది ఇందుకే.

పుణె_పిల్ల:

అయ్యో. అంత బాగా కుదిరిందనుకున్నాను. ఇక పారెయ్యాల్సిందేనా?

అడ్డమూ_నిలువూ:

పారెయ్యకండి. మీకు తక్కువైంది ఒక్క గుడే కదా, అడిగి పెట్టించుకోండి. "తిరగబడిన వనిత చివర గుడి కడితే తృప్తి (3)". తనివ చివర గుడి కడితే తనివి.

పేచీకోరు:

దీనికి నా దగ్గర పేచీ లేదు. రాసి పెట్టుకోండి, ఇలా ఎప్పుడో గానీ అనను.

మారేడుపల్లి_తాత:

భేష్. చదివినవాడు పంతం పట్టి గుడి కట్టించిన ఆవిడని ఊహించుకుంటాడు, వ మీద గుడి సంగతి తట్టదు. మీ బాబాయికి పంపమ్మా.

పుణె_పిల్ల:

తాతగారూ, పంపాను. ఇరవై నిమిషాల క్రితం నీలం టిక్కులు పడ్డాయి. రెండుసార్లు టైపింగ్ అని వచ్చి ఆగిపోయింది. ఇప్పుడే "ఒక్క అక్షరం చెప్పు" అని పెట్టారు. "ఆలోచించండి బాబాయ్" అని నవ్వు బొమ్మ పెట్టాను.