దాణాలో టాలో (పశువుల కొవ్వు) వేసిన దగ్గర్నుంచి కోడిపిల్లల రెట్ట జిడ్డుగా వస్తోంది. కొవ్వు మార్చాలా, మోతాదు మార్చాలా?

బ్రాయిలర్ రైతు:

అందరికీ నమస్కారం. దాణా నేనే కలుపుకుంటాను. మాష్, అంటే పొడి దాణా మాత్రమే, గుళికలు చేసే పెల్లెట్ మిషన్ లేదు. ఇన్నాళ్లూ ఎనర్జీ కోసం సోయా నూనె వాడేవాణ్ణి. ఈసారి నూనె పూర్తిగా ఆపేసి టన్నుకు 30 కిలోల టాలో వేస్తున్నాను. సోయా పిండి కొంత తగ్గించి మాంసం-ఎముకల పిండి 50 కిలోలు కూడా చేర్చాను. ఫార్ములా కొవ్వు అమ్మినవాళ్లే రాసిచ్చారు. అందులో టాలో ఎనర్జీ కిలోకు 8,800 కిలో కేలరీలు అని ఉంది. సున్నపురాయి పొడి, డీసీపీ (కాల్షియం, ఫాస్ఫరస్ ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్) పాత మోతాదులే ఉంచారు.

ఒక షెడ్డులో పన్నెండు రోజుల పిల్లలున్నాయి. రెట్ట ముద్దగా, జిడ్డుగా వస్తోంది. వెనక భాగం అంటుకుపోతోంది. లిట్టర్ (షెడ్డులో పరిచిన పొట్టు) మీద చేత్తో రాస్తే వేళ్లకు నూనె అంటినట్టే ఉంటోంది, అక్కడక్కడా పైన అట్ట కడుతోంది. మేత మామూలు కంటే ఎక్కువే తింటున్నాయి, బరువు మాత్రం రావడం లేదు. పోస్ట్‌మార్టం చేయిస్తే కాక్సీ (పేగులకు వచ్చే కాక్సీడియోసిస్ జబ్బు) లేదన్నారు. పక్క షెడ్డులో నెల దాటిన కోళ్లున్నాయి. వాటికీ ఇదే కొవ్వు, ఇదే మోతాదు. వాటికి ఏ గొడవా లేదు.

అసలు ఈ జంతు కొవ్వులు, ఎముకల పిండి బ్రాయిలర్‌కు పనికొస్తాయా, మానేయమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.

లేయర్ ఫామ్:

కొవ్వు కనరు వాసన వస్తోందేమో చూడన్నా. కొంచెం వేడి చేసి అరచేతిలో రుద్దుకుని వాసన చూస్తే తెలిసిపోతుంది. అలాగే మొదటి రోజుల్లో పెట్టే ప్రీస్టార్టర్ దాణాకైనా మళ్లీ సోయా నూనెకు మారిపో. పిల్లలు ఆ వయసులో వెనకబడితే తర్వాత అందుకోవడం కష్టం.

ఫార్ములా పని:

రైతు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఒకే డ్రమ్ములోని కొవ్వు పెద్ద కోళ్లకు పడింది, పిల్లలకు పడలేదు. చెడిపోయిన సరుకైతే చాలావరకు రెండు షెడ్లలోనూ ఏదో ఒక తేడా కనబడేది. వాసన చూడమన్న సలహా మంచిదే, తప్పకుండా చూడండి. కానీ నా అనుమానం అంతా కోడి వయసు మీదే.

దాణా ఫార్ములాలు రాయడమే నా పని. జంతు కొవ్వులంటే నాకు అభ్యంతరం లేదు. కబేళాలో మిగిలిపోయేదాన్ని సరిగ్గా కాచి, వడగట్టి, తాజాగా ఇస్తే నూనెలు తప్పిస్తే అంతకంటే చిక్కటి ఎనర్జీ సరుకు దాణాలో మరొకటి ఉండదు. మొక్కజొన్న కిలోకు 3,350 కిలో కేలరీల దగ్గర ఉంటే కొవ్వు దానికి రెండింతల పైమాటే. నాకు కోపం వచ్చేది ఎక్కడంటే, అన్ని కొవ్వులకూ, అన్ని వయసులకూ ఒకే అంకె వేసి ఫార్ములా చేతిలో పెట్టేస్తారు చూడండి, అక్కడ. 8,800 అనేది మంచి సోయా నూనెకు వేసే అంకె. టాలోకు అంత రాదు. పెద్ద కోడిలో 7,500 దరిదాపుల్లో పట్టుకోవచ్చు, పిల్లలో అంతకంటే బాగా తక్కువ.

కారణం చెబుతాను. కొవ్వు నీళ్లలో కలవదు. పిత్తరసం దాన్ని సన్నటి బిందువులుగా విడగొట్టాలి, లైపేజ్ ఎంజైమ్ ముక్కలు చేయాలి, అప్పుడే పేగు గోడ దాన్ని పీల్చుకుంటుంది. మొదటి వారం, పది రోజుల్లో పిల్లకు ఈ రెండూ సరిపడా ఊరవు. సోయా నూనెలో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వు ఆమ్లాలు కాబట్టి ఉన్న కొద్దిపాటి పిత్తంతోనూ గట్టెక్కుతుంది. టాలోలో దాదాపు సగం పామిటిక్, స్టియరిక్ లాంటి సంతృప్త ఆమ్లాలు. వాటికి పిత్తం ఎక్కువ కావాలి. అందుకే మొదటి వారంలో టాలోలో సగం దాకా రెట్టలోకే పోవచ్చు. మీ వేళ్లకు అంటుకున్న జిడ్డు అదే. మూడు వారాలు దాటిన కోడి అదే టాలోను చాలా మెరుగ్గా అరిగించుకుంటుంది.

లెక్క వేసి చూడండి. పిల్లకు టాలో నుంచి నిజంగా అందేది 6,500 అనుకుందాం. కాగితం మీది 8,800కీ దానికీ తేడా 2,300. టన్నుకు 30 కిలోలు కాబట్టి 69,000. అంటే కిలో దాణాలో దాదాపు 70 కిలో కేలరీలు మాయం. మీరు 3,000 ఇస్తున్నామనుకుంటే పిల్లకు అందుతున్నది 2,930. ఎనర్జీ చాలకపోతే కోడి ఇంకాస్త తిని ఆ లోటు పూడ్చుకోవాలని చూస్తుంది. మేత ఎక్కువ తింటున్నాయన్నారు కదా, దానికీ ఇది సరిపోతోంది.

ఇక కాల్షియం. మీరు మామూలుగా రాసేశారు గానీ, నాకు ముందు కంటపడింది అదే. మాంసం-ఎముకల పిండిలో కాల్షియం సుమారు 10 శాతం, ఫాస్ఫరస్ 5 శాతం ఉంటాయి. 50 కిలోలు వేస్తే టన్ను దాణాకు 5 కిలోల కాల్షియం అదనంగా చేరింది, అంటే అర శాతం. పిల్లలకు పెట్టే స్టార్టర్ దాణాకు మొత్తం కావలసిందే ఒక శాతం లోపు. సున్నపురాయి పొడి, డీసీపీ తగ్గించలేదు కాబట్టి ఇప్పుడు మీ దాణాలో కాల్షియం 1.4 దగ్గర ఉండాలి. పేగులో ఈ కాల్షియం సంతృప్త ఆమ్లాలతో కలిస్తే సబ్బు తయారవుతుంది. మాటవరసకు అనడం లేదు, రసాయనికంగా అది సబ్బే. కరగదు, ఒంటబట్టదు. కొవ్వూ వృథా, కాల్షియమూ వృథా. సోయా నూనె ఉన్నప్పుడు ఇదే కాల్షియం ఇంత నష్టం చేసేది కాదు. టాలో, ఎక్కువ కాల్షియం, చిన్న పిల్ల, ఈ మూడూ ఒకచోట కలిశాయి.

బ్రాయిలర్ రైతు:

చాలా థాంక్స్ సార్. కాల్షియం సంగతి నాకెవరూ చెప్పలేదు. రెండు డౌట్లు. ఎముకల పిండిలోనూ కొవ్వు ఉంటుంది, ఎనర్జీ వస్తుంది అని అమ్మినవాళ్లు అన్నారు, నిజమేనా? టాలో బదులు కోడి కొవ్వు కూడా దొరుకుతోంది. అది పిల్లలకు నప్పుతుందా? కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

పశువైద్యం:

ఎముకల పిండి గురించి నేను చెబుతాను. దాన్ని ఎనర్జీ కోసం కొనకండి. అందులో 10 శాతం చుట్టూ కొవ్వున్న మాట నిజమే, కానీ బూడిద, అంటే కాల్చాక మిగిలే ఖనిజం, అంతకు మూడింతలు ఉండొచ్చు. మొత్తం మీద కిలోకు 2,200 నుంచి 2,500 కిలో కేలరీలు, అంటే సోయా పిండితో సమానం, మొక్కజొన్న కంటే చాలా తక్కువ. దాని విలువ ప్రోటీన్‌లోనూ ఫాస్ఫరస్‌లోనూ ఉంది. 50 కిలోల నుంచి రెండున్నర కిలోల ఫాస్ఫరస్ వస్తుంది కాబట్టి డీసీపీ చాలావరకు తీసేయొచ్చు, లాభం అక్కడే. సున్నపురాయి పొడి కూడా 13 కిలోల దాకా తగ్గించాలి. సున్నపురాయిలో 38 శాతం కాల్షియం, ఆ లెక్క ప్రకారం. డీసీపీలోనూ కాల్షియం ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి లెక్క చూసుకోండి.

సరుకు వచ్చిన ప్రతిసారీ ప్రోటీన్, బూడిద, కాల్షియం, ఫాస్ఫరస్ టెస్ట్ చేయించండి. ఎముక వంతు పెరిగితే ప్రోటీన్ పడిపోతుంది, కాల్షియం పైకి పోతుంది. మరీ మాడ్చిన పిండిలో లైసిన్ అనే అమినో ఆమ్లం చాలావరకు చచ్చిపోయి ఉండొచ్చు, మామూలు ప్రోటీన్ టెస్టులో అది కనపడదు. రంగు నల్లగా, మాడు వాసనగా ఉంటే తీసుకోకండి. సాల్మొనెల్లా బ్యాక్టీరియా కాచేటప్పుడు చచ్చినా, తర్వాత తడి తగిలినా ఎలుకలు తిరిగినా మళ్లీ వస్తుంది.

ఇంకొక్కటి గట్టిగా చెప్పాలి. ఆ మిక్సర్‌లోనే ఆవులకు, గేదెలకు దాణా కలపకండి. 1986లో బ్రిటన్‌లో బయటపడ్డ బీఎస్ఈ, అదే మ్యాడ్ కౌ జబ్బు, పశువులకు పశువుల మాంసం-ఎముకల పిండి తినిపించడం వల్లే పాకింది. ఐరోపా సమాఖ్య 2001లో మాంసం, పాలు, గుడ్ల కోసం పెంచే జంతువుల దాణాలన్నిటిలో ఇలాంటి పిండిని ఆపేసింది. కోళ్ల దాణాలో పంది నుంచి తీసిన ప్రోటీన్‌ను మళ్లీ అనుమతించింది 2021లోనే, అదీ కోడిది కోడికి పెట్టకూడదన్న షరతుతో. మీ దగ్గర ఏ నిబంధన ఉందో కనుక్కుని వాడండి.

ఫార్ములా పని:

డాక్టర్ గారి మాటలో కలపాల్సింది ఏమీ లేదు. నేను కొవ్వు సంగతికి వస్తాను.

కోడి కొవ్వు పిల్లలకు టాలో కంటే చాలా నయం. టాలోలో సంతృప్తం, అసంతృప్తం దాదాపు సగం సగం. కోడి కొవ్వులో సంతృప్తానికి అసంతృప్తం రెండింతలకు పైగా ఉంటుంది, అందులో లినోలిక్ అనే అసంతృప్త ఆమ్లమే 20 శాతం దగ్గర. ఎనర్జీ 8,500 ప్రాంతంలో వేసుకోవచ్చు. దీనికీ ఒక చిక్కుంది, టాలో కంటే త్వరగా కనరు పడుతుంది. కాచిన చోటే బీహెచ్‌టీ లాంటి యాంటీఆక్సిడెంట్ కలిపారో లేదో అడగండి. కనరు పట్టాక కలిపితే ఉపయోగం లేదు. విటమిన్ ఇ కూడా కాస్త పెంచండి, ఎందుకంటే ఆక్సీకరణ చెందిన కొవ్వు ముందు దాన్నే తినేస్తుంది.

కొనేముందు ఒక పని చేయండి. కరిగించిన కొవ్వును పొడవాటి గాజు సీసాలో పోసి వెచ్చటి చోట రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్న అడుగున నీరు, నల్లటి మడ్డి, పైన తేట కొవ్వు విడివిడిగా కనబడతాయి. నీరు, మడ్డి, సబ్బుగా మారని పదార్థం, ఈ మూడూ కలిపి 2 శాతం దాటకూడదు. మూడోది ల్యాబ్‌లోనే తేలుతుంది, మొదటి రెండూ మీ కంటికే తెలుస్తాయి. ఆ నీటి ఖరీదూ మీరే కడుతున్నారు, పైగా డ్రమ్ముకు తుప్పూ కొవ్వుకు కనరూ పట్టేది దానివల్లే.

ల్యాబ్‌లో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్స్ (కొవ్వు నుంచి విడిపోయిన ఆమ్లాలు) 15 శాతం లోపు, కనరు ఎంత పట్టిందో చెప్పే పెరాక్సైడ్ విలువ 5 లోపు చూసుకోండి. ఒక జాగ్రత్త. పెరాక్సైడ్ మొదట పెరిగి, కొవ్వు మరీ పాతబడ్డాక మళ్లీ తగ్గిపోతుంది. కాగితం మీద 3 అని ఉండి ముక్కుకు ఘాటుగా తగిలితే ముక్కునే నమ్మండి.

సరుకు ఎక్కడిదో అడగడానికి మొహమాటపడొద్దు. 1957లో అమెరికాలో లక్షల కోళ్లు కడుపులో, గుండె చుట్టూ నీరు చేరి చచ్చిపోయాయి, దాణాలో వేసిన కొవ్వులో విషం ఉంది. అది డయాక్సిన్ జాతిదని తర్వాత తేలింది. 1999లో బెల్జియంలోనూ అంతే, దాణాకు వెళ్లే కొవ్వులో పీసీబీలనే విష రసాయనాలున్న నూనె కలిసింది, కోళ్లూ గుడ్లూ మార్కెట్ నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఊరూ పేరూ చెప్పని 'మిక్స్‌డ్ ఫ్యాట్' ఎంత చవకైనా నేనైతే రాయను.

నిల్వకు ఇనుప డ్రమ్ము సరే, ఇత్తడి, రాగి కుళాయిలు వద్దు, రాగి తగిలితే కనరు వేగంగా పడుతుంది. పాత కొవ్వు అడుగున ఉండగా కొత్తది పోయకండి. కాచింది మళ్లీ మళ్లీ కాచకండి, ఆ పూటకు కావలసినంత మాత్రమే 60 డిగ్రీల దాకా వేడి చేసుకోండి. కలిపేటప్పుడు మొక్కజొన్న, సోయా ముందు పొడిగా తిరగనిచ్చి, కొవ్వు సన్నటి ధారగా పోసి, అది బాగా పట్టాకే ప్రీమిక్స్ (విటమిన్లు, ఖనిజాల పొడి) వేయండి. చల్లటి పిండి మీద గబుక్కున కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, ఒక కోడికి ఉండ, ఇంకోదానికి ఉత్త పిండి. మాష్‌లో 4 శాతం దాటితే తొట్లలో జారదు కూడా.

బ్రాయిలర్ రైతు:

ఇంకా పది డ్రమ్ముల టాలో ఉంది సార్. పారేయాలా? ఇప్పుడున్న పిల్లలకు ఏం చేయమంటారు?

ఫార్ములా పని:

వాసన బాగుంటే పారేయక్కర్లేదు. ఇప్పుడున్న పిల్లలకు ఈరోజు నుంచే టాలో ఆపి సోయా నూనె 20 కిలోలు వేయండి, కాల్షియం 0.95 శాతానికి దించండి. తడిసిన లిట్టర్ పైపొర తీసేసి పొడి పొట్టు చల్లండి. మూడు వారాలు దాటాక టాలో, సోయా నూనె సగం సగం కలిపి మొదలుపెట్టండి. రెండూ కలిస్తే విడివిడిగా వచ్చే సగటు కంటే ఎనర్జీ కొంచెం ఎక్కువే వస్తుంది, ఎందుకంటే అసంతృప్త ఆమ్లాలు సంతృప్తాన్ని తమతో పాటు పేగు గోడ దాకా చేరుస్తాయి. చివరి దశలో పెట్టే ఫినిషర్ దాణాలో టాలో వంతు పెంచుకోవచ్చు, అప్పుడు ఫార్ములాలో 7,500 వేయండి, 8,800 కాదు. కొవ్వు నీటిలో కలవడానికి తోడ్పడే లైసోలెసిథిన్ లాంటి ఎమల్సిఫయర్ దొరికితే టాలో ఉన్న దాణాలో వేసి చూడండి, సాయం చేస్తుంది.

నిజంగా ఎనర్జీ పెంచుతున్నప్పుడు అమినో ఆమ్లాలు మరచిపోవద్దు. 3,000 నుంచి 3,100కు వెళితే కోడి తినేది తగ్గుతుంది. లైసిన్ 1.20 శాతం ఉన్నదాన్ని 1.24 చేయాలి, మెథియోనిన్ కూడా అదే నిష్పత్తిలో. లేదంటే పెట్టిన ఎనర్జీ పొట్ట కొవ్వుగా మారిపోతుంది.

వారం తర్వాత రెట్ట ఎలా ఉందో, ఒక వంద పిల్లల సగటు బరువెంతో ఇక్కడే రాయండి. ఎముకల పిండి కాల్షియం టెస్ట్ రిపోర్టు కూడా పెడితే సున్నపురాయి మోతాదు నేనే లెక్క కట్టి ఇస్తాను.