అప్‌డేట్: కొత్తవాడ దర్రీ కొన్నాను

చేనేత దర్రీని (నేలపై పరిచే జంపఖానాను) ఎలా గుర్తుపట్టాలి, సహకార సంఘం దుకాణంలో కొనడం మేలా అని ఇదివరకు అడిగినప్పుడు సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. చివరకు వరంగల్ కొత్తవాడలోని ఒక చేనేత సంఘం దుకాణంలోనే నూలు దర్రీ తీసుకున్నాను. మీరు చెప్పినట్లు ముందుగా తిరగేసి చూస్తే, డిజైన్ రెండు వైపులా ఒకే తీరుగా ఉంది. రంగు మారే చోటల్లా పేక (అడ్డ) పోగులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. పక్కనే తక్కువ ధరకు పెట్టిన అద్దకం రకానికి వెనుకవైపు రంగు పలచగా ఉన్నా, అదీ మగ్గంపై నేసి ఆపై అద్దినదేనని అక్కడివారు వివరించారు కనుక, అద్దకం కనబడగానే మరమగ్గం సరుకని తీసిపారేయనక్కరలేదు.

తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే ఎర్ర అంచు కాస్త రంగు వదిలింది, అందుకే నీలం ఎంచుకున్నాను. వరంగల్ దర్రీలకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని చూపే జీఐ ట్యాగు) పేరు చెప్పి బయట కొందరు ధర పెంచుతున్నారు గానీ, నా దృష్టిలో కొనేవారికి అంతకన్నా అక్కరకొచ్చేది, చేతిమగ్గంపై నేసినదని తెలిపే చేనేత మార్కు చీటీయే. ఇక్కడ బేరం లేదు, బిల్లు మాత్రం ఇచ్చారు. హాలు కొలతకు మరొకటి నేయించడానికి బయానా కట్టి వచ్చాను.